కరోనా సాయం సాగు చేసినవారికే అందాల్సింది

సంపాదకుడు గారికి,

కౌలు రైతులకు ప్రభుత్వ సాయం అందడం లేదన్న వార్తలు మీ పత్రికలో తరచూ చదువుతుంటాను. నేనుండేది అమెరికాలోని అయోవా రాష్ట్రం, సూ కౌంటీలో. పందుల పెంపకానికి, మొక్కజొన్నకు పేరున్న ప్రాంతమిది. 2020లో ఇక్కడి రైతులకు కరోనా సాయం ఎలా అందిందో దగ్గరగా చూశాను. అదే ఏడాది ఖమ్మం జిల్లాలో కౌలుకు పత్తి వేసిన మా బాబాయికి ఏం జరిగిందో కూడా తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

ఆ ఏప్రిల్‌లో పొరుగు రాష్ట్రంలోని సూ ఫాల్స్‌లో పెద్ద మాంసం ఫ్యాక్టరీ కరోనా వల్ల మూతపడింది. అమ్మకానికొచ్చిన పందులు షెడ్లలోనే ఉండిపోయాయి. వాటి వెనక మరో బ్యాచ్ పిల్లలు సిద్ధంగా ఉన్నాయి. మా పక్క రైతు షెడ్లలో వేడి పెంచాడు. ఉక్కపోతకు పందులు మేత తగ్గిస్తాయి, బరువు పెరగడం కాస్త నెమ్మదిస్తుందని ఆశ. అవి ఎదగకుండా ఉంటే చాలని చూసే రోజులొచ్చాయని ఎంత బాధపడ్డాడో.

అమెరికా వ్యవసాయ శాఖ ఏప్రిల్ 17న రైతులకు 1,600 కోట్ల డాలర్ల నేరు సాయం ప్రకటించి, మే 26 నుంచి దరఖాస్తులు తీసుకుంది. కౌంటీ ఆఫీసు తలుపులు మూసి ఉన్నా ఫోన్లోనే పని జరిగింది. ఎన్ని పశువులు, ఎంత పంట, అందులో ఎవరి వాటా ఎంత, నష్టమొస్తే భరించేది ఎవరు? వాళ్లు చూసింది ఇవే. జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు మాంసానికి అమ్మిన మేపి పెంచిన ఆవు జాతి పశువుకు తలా 214 డాలర్లు ఇచ్చారు. అయోవా సాగుభూమిలో సగానికి పైగా కౌలుదే. అయినా ఆ భూముల్లో పంటకు డబ్బు కౌలుదారుకే వచ్చింది. రొక్కంగా కౌలు తీసుకునే యజమానికి ఏమీ రాలేదు. పంటలో వాటా తీసుకునేవారికి ఆ వాటా మేరకే ఇచ్చారు.

ఇక్కడ అంతా సవ్యంగా జరిగిందని కాదు. తలల లెక్కన ఇచ్చారు కాబట్టి పెద్ద ఫారాలకు పెద్ద మొత్తాలు వెళ్లాయి. ఒక్కొక్కరికి 2.5 లక్షల డాలర్ల పరిమితి ఉన్నా, కొన్ని కంపెనీలకు 7.5 లక్షల దాకా వీలు కల్పించారు. కంపెనీల కోళ్లను కాంట్రాక్టుపై పెంచేవాళ్లను మొదట వదిలేశారు. నల్లజాతి రైతులకు చేరింది అతి స్వల్పమని అప్పటి వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ 2021లో ఒప్పుకున్నారు. ఇవన్నీ తప్పులే. కానీ సాయం పంట నష్టపోయినవాడిదన్న మూలసూత్రాన్ని మాత్రం వదల్లేదు.

మన దగ్గర ఆ సూత్రమే లేదు. లాక్‌డౌన్‌లో పీఎం కిసాన్ 2,000 రూపాయలు భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలో పడ్డాయి. అప్పట్లో ఎకరాకు 5,000 చొప్పున ఇచ్చిన రైతుబంధుకూ పట్టాదారు పాసు పుస్తకమే ఆధారం. మా బాబాయి దున్నిన పొలం యజమాని హైదరాబాద్‌లో ఉంటారు. రెండు సాయాలూ ఆయనకే వెళ్లాయి. విత్తనాలకు, ఎరువులకు అప్పు తెచ్చింది బాబాయి, కౌలు కట్టిందీ బాబాయే. ఆంధ్రప్రదేశ్‌లో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు రైతు భరోసా వర్తించింది గానీ, అందుకు చూపాల్సిన సాగుదారు కార్డుకు యజమాని సంతకం కావాల్సి వచ్చేది. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమానుల భయం. అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వరేమోనని కౌలుదారు టెన్షన్. పొలం నిజంగా దున్నేవాడు ఈ మధ్యలోనే ఆగిపోతున్నాడు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ నమోదు ఉంది. ఏ పొలంలో ఏ పంట, ఎవరు వేశారన్నది అందులో రాస్తారు. విపత్తు సాయానికి ఆ పేరునే ఆధారం చేసుకోవాలి. తెలంగాణలోనూ అలాంటి నమోదు పక్కాగా జరగాలి. సాగు చేసేదెవరో ఊళ్లో అందరికీ తెలుసు. చుట్టుపక్కల రైతుల సాక్ష్యం తీసుకుని, జాబితాను గ్రామసభలో చదివి, అభ్యంతరాలు విని ఖరారు చేయాలి. యజమాని సంతకం అన్న షరతును మాత్రం ముందుగా తీసేయాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సూ కౌంటీ, అయోవా, అమెరికా