డెంటల్ ల్యాబుకు కంప్యూటర్ కొనేటప్పుడు కొటేషన్‌లో ఏముండాలి?

సంపాదకులకు,

అయ్యా,

దంతవైద్యం డిజిటల్ బాట పట్టిందనీ, ఇకమీదట క్యాపు కోసం రోజుల తరబడి ఎదురుచూడనక్కర్లేదనీ చెప్పే కథనాలు, ప్రకటనలు పత్రికల్లో తరచుగా కనిపిస్తున్నాయి. వాటిలో నోటిని స్కాన్ చేసే పరికరం గురించి, క్యాపు తయారుచేసే జిర్కోనియా పదార్థం గురించి, దాన్ని చెక్కే మిల్లింగ్ యంత్రం గురించి వివరంగానే ఉంటుంది గానీ, ఈ పనంతటికీ నడుమ ఉండే కంప్యూటర్ గురించి ఒక్క మాట ఉండదు. మన రెండు రాష్ట్రాల్లో జిల్లా కేంద్రాల్లోనే కాక చిన్న పట్టణాల్లో కూడా డెంటల్ ల్యాబులవారు అప్పు చేసి మరీ డిజైన్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారు. దానితోపాటు కొనే కంప్యూటర్ విషయంలో మాత్రం అమ్మేవారు చెప్పిందే వేదంగా సాగుతోంది. ఈ పనిలో ఉన్న టెక్నీషియన్‌గా, కొనేవారు ఏం అడగాలో, అమ్మేవారు ఏం రాసివ్వాలో మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఈ ఎంపిక బాధ్యత ల్యాబుల మీద మొదటి నుంచీ లేదు. 1985లో జ్యూరిచ్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ మోర్మన్, మార్కో బ్రాండెస్టీని రూపొందించిన సెరెక్ పద్ధతిలో రోగి కుర్చీ పక్కనే పింగాణీ ఇన్లే (పంటి గుంతలో అమర్చే ముక్క) తయారుచేసినప్పుడు కెమెరా, కంప్యూటర్, చెక్కే యంత్రం ఒకే సెట్టుగా ఉండేవి. లోపల ఏ ప్రాసెసర్ ఉందో కొనేవారు పట్టించుకోవలసిన అవసరమే రాలేదు. ఇప్పుడు ఒక కంపెనీ స్కానర్‌తో తీసిన ఎస్‌టీఎల్ ఫైలును (పంటి ఆకారాన్ని చిన్న చిన్న త్రిభుజాలుగా దాచే ఫైలు) జర్మనీవారి ఎక్సోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోనో, డెన్మార్క్‌వారి త్రీషేప్ సాఫ్ట్‌వేర్‌లోనో డిజైన్ చేసి, ఇంకో కంపెనీ మిల్లింగ్ యంత్రంలో చెక్కిస్తున్నాం. ఈ స్వేచ్ఛ వల్ల చిన్న ల్యాబులకు ఎంతో మేలు జరిగింది. అయితే కంప్యూటర్ నెమ్మదిస్తే స్కానర్ అమ్మినవారు సాఫ్ట్‌వేర్‌ను, సాఫ్ట్‌వేర్ అమ్మినవారు కంప్యూటర్‌ను, కంప్యూటర్ అమ్మినవారు తిరిగి సాఫ్ట్‌వేర్‌నే తప్పుబడుతున్నారు. మధ్యలో నష్టపోయేది ల్యాబు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఖరీదైన కంప్యూటర్ కొంటే క్యాపు బాగా కూర్చుంటుందని కొందరు విక్రేతలు చెబుతున్నారు. అది నిజం కాదు. క్యాపు ఎంత సరిగ్గా కూర్చుంటుందన్నది డాక్టరు పన్నును ఎలా అరగదీశారన్న దాని మీద, స్కాన్ ఎంత స్పష్టంగా వచ్చిందన్న దాని మీద, మిల్లింగ్ బర్రు (చెక్కే మొన) ఎంత అరిగిందన్న దాని మీద, జిర్కోనియా కాల్చేటప్పుడు సుమారు ఐదో వంతు కుంచించుకుపోవడాన్ని ముందే లెక్కవేసి ఆ మేరకు పెద్దదిగా చెక్కారా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. చవక కంప్యూటరైనా, ఖరీదైనదైనా ఆ లెక్క ఒక్కటే.

అయినా కంప్యూటర్ నాణ్యతను తాకే చోటు ఒకటుంది. అరగదీసిన పన్ను అంచు చుట్టూ గీసే మార్జిన్ గీత అది. సాఫ్ట్‌వేర్ ఆ గీతను తనంతట తానే ప్రతిపాదిస్తుంది గానీ, పంటి చిగుళ్లు కప్పేసిన చోట, లాలాజలం మెరిసిన చోట తప్పుతుంది. అప్పుడు టెక్నీషియన్ నమూనాను తెర మీద తిప్పి తిప్పి, దగ్గరకు లాగి, ఒక్కొక్క బిందువునూ సరిచేయాలి. తిప్పిన ప్రతిసారీ బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే పదో కేసు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి విసుగుతుంది, కన్ను సర్దుకుపోతుంది, గీత ఉజ్జాయింపుగా పడుతుంది. మార్జిన్ దగ్గర సందు మిగిలిన క్యాపు కింద కొన్నేళ్లకు పన్ను పుచ్చుతుంది. ఆ నష్టం రోగిది. మంచి కంప్యూటర్ కావాలని నేను అడిగేది వేగం మీద మోజుతో కాదు, ఈ ఒక్క గీత కోసం.

ఆ బొమ్మను తిప్పే పని గ్రాఫిక్స్ కార్డుది. మామూలుగా వాడే ఎస్‌టీఎల్ ఫైలులో ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు పడతాయి కాబట్టి, రెండు దవడల స్కానులో పది లక్షల త్రిభుజాలున్నా ఫైలు 50 మెగాబైట్లే అవుతుంది. ఫైలు ఇంత చిన్నదని చూసి కార్డు అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఆ లక్షల త్రిభుజాలను వెలుగునీడలతో, పారదర్శకతతో, కదిలించిన ప్రతి క్షణమూ తిరిగి గీయాలి. ప్రాసెసర్‌లోనే కలిసి వచ్చే గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, కంప్యూటర్ ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. ఒక్క క్యాపుకు అది సరిపోయినా, పై దవడ మొత్తానికి ఇంప్లాంట్ల మీద కట్టే బ్రిడ్జికి చాలదు. కనీసం 8 జీబీ సొంత మెమరీ ఉన్న ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ తరగతి కార్డు తీసుకోవడం నేటి పనికి సబబని నా అభిప్రాయం. నోటి స్కానర్‌ను కూడా అదే కంప్యూటర్‌కు తగిలించేటట్లయితే ఆ స్కానర్ కంపెనీ ప్రకటించిన కార్డుల జాబితా చూడకుండా డబ్బు కట్టకూడదు. క్యాడ్ (కంప్యూటర్ మీద డిజైన్ చేసే) పని కదా అని ఇంజినీరింగ్ వర్క్‌స్టేషన్ల కోసం చేసే ప్రొఫెషనల్ కార్డులను అంటగట్టేవారు ఉన్నారు. అదే డబ్బుకు ఆటల కోసం చేసిన కార్డు మన పనిలో ఎక్కువ వేగం ఇస్తుంది. ఇంకొక చిన్న విషయం: డెస్క్‌టాప్‌లో మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలిస్తే, వేలు పోసి కొన్న కార్డు పని లేకుండా కూర్చుంటుంది. కంప్యూటర్ బిగించి వెళ్లేవారిని ఈ ఒక్కటీ చూపించమని అడగాలి.

ప్రాసెసర్ విషయంలో జరుగుతున్నంత మభ్యపెట్టడం ఇంకెక్కడా జరగడం లేదు. ‘ఐ7’ అన్న రెండక్షరాలు వినగానే చాలామంది తృప్తి పడుతున్నారు. 2017లో వచ్చిన ఐ7-7700లో ఉన్నవి నాలుగు కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు). 2023లో వచ్చిన ఐ5-13400లో పది. పాత ఐ7 కన్నా కొత్త ఐ5 ఎంతో మేలు. పైగా ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆఫీసులు వదిలించుకున్న అలాంటి యంత్రాలను తుడిచి, కొత్త డబ్బాలో పెట్టి, డెంటల్ ల్యాబులకు ‘ఐ7 సిస్టమ్’ పేరిట అమ్మడం అన్యాయం. మా ల్యాబుకు ఒక విక్రేత ఇచ్చిన కొటేషన్‌లో ‘క్యాడ్ వర్క్‌స్టేషన్, ఐ7, 16 జీబీ, గ్రాఫిక్స్‌తో’ అని తప్ప మోడల్ నంబరు ఒక్కటీ లేదు. అడిగితే, ల్యాబులవారికి ఆ వివరాలు అనవసరమన్న జవాబు వచ్చింది.

డిజైన్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ చాలావరకు ఒకటి రెండు కోర్లనే వాడుకుంటుంది కనుక ఒక్కో కోరు వేగం ముఖ్యం. మిల్లింగ్‌కు దారి లెక్కవేసే క్యామ్ పని దీనికి భిన్నం. 98 మిల్లీమీటర్ల జిర్కోనియా డిస్కులో పాతిక క్యాపులు పేర్చి, ఐదు అక్షాల యంత్రానికి బర్రు నడిచే దారిని లెక్కించమన్నప్పుడు ఎక్కువ కోర్లు ఉన్న ప్రాసెసర్ ఉపయోగం కనబడుతుంది. ఈ రెండు పనులనూ ఒకే కంప్యూటర్ మీద పెట్టే ల్యాబుల్లో లెక్క నడుస్తున్నంతసేపూ డిజైనర్ చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తోంది. ఒక భారీ యంత్రానికి బదులు డిజైన్‌కు ఒక మంచిదీ, క్యామ్‌కు ఒక మధ్యరకందీ కొనుక్కోవడం రోజుకు పది పదిహేను యూనిట్లు (పళ్లు) దాటిన ల్యాబులకు మేలు. ఒకటి పాడైతే రెండోది ఆ రోజుకు ఆదుకుంటుంది కూడా.

ర్యామ్ 32 జీబీ ఉంటే మామూలు పనికి లోటుండదు. ఇంప్లాంట్ ప్లానింగ్ కోసం సీబీసీటీ (దవడ త్రీడీ ఎక్స్‌రే) చిత్రాలు తెరిచేవారు మాత్రం ఒక లెక్క చూసుకోవాలి. నిలువు, అడ్డం, ఎత్తు ఒక్కొక్కటీ 500 బిందువులున్న స్కానులో పన్నెండున్నర కోట్ల బిందువులుంటాయి. ఒక్కోదానికి రెండు బైట్ల చొప్పున 250 మెగాబైట్లు. దాన్ని తెరిచి, దవడ ఎముకను విడదీసి, దంతాల స్కానుతో జత చేసేసరికి అవసరం కొన్ని రెట్లు పెరుగుతుంది. అలాంటివారికి 64 జీబీ వృథా కాదు. తక్కినవారు ఆ డబ్బును గ్రాఫిక్స్ కార్డు మీదో, ఒక టీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) మీదో పెట్టడం మంచిది. పాత కేసుల ఫైళ్లకు మాత్రం మరొక డిస్కులో రెండో ప్రతి ఉండి తీరాలి. రోగుల వివరాలున్న ఫైళ్లు కాబట్టి, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తర్వాత ఆ డిస్కు ఎవరి చేతిలో ఉందన్నది కూడా ల్యాబు పట్టించుకోవలసిన విషయమే.

ల్యాప్‌టాప్‌లో ఇవన్నీ చేయొచ్చా అని క్లినిక్ నడిపే డాక్టర్లు అడుగుతుంటారు. చేయొచ్చు గానీ, పేరు చూసి మోసపోకూడదు. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070లో 12 జీబీ మెమరీ ఉంటే, అదే పేరున్న ల్యాప్‌టాప్ కార్డులో 8 జీబీయే ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డుకు తయారీదారు 35 వాట్లైనా ఇవ్వవచ్చు, 115 వాట్లైనా ఇవ్వవచ్చు. పెట్టె మీద ఒకే పేరు, పనిలో ఎంతో తేడా. నోటి స్కానర్‌ను ఒక గదిలోంచి మరో గదిలోకి మోసుకెళ్లే క్లినిక్‌కు ల్యాప్‌టాప్ తప్పదు. రోజంతా ఒక్కచోట కూర్చుని డిజైన్ చేసే ల్యాబుకు డెస్క్‌టాపే సరైనది.

ఎండ, దుమ్ము, కరెంటు గురించి విదేశీ కంపెనీల కరపత్రాలలో ఏమీ ఉండదు. గుంటూరు, పల్నాడు జిల్లాల్లో మే నెలలో గది వేడెక్కినప్పుడు ప్రాసెసర్ ఉష్ణోగ్రత సులభంగా 95-100 డిగ్రీలకు చేరుతుంది, అక్కడి నుంచి తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఉదయం చురుగ్గా నడిచిన యంత్రం మధ్యాహ్నానికి మొరాయించడానికి చాలాసార్లు ఇదే కారణం. దీనికి ల్యాబు గాలిలో తేలే ప్లాస్టర్ పొడి, జిర్కోనియా పొడి తోడవుతాయి. అవి ఫ్యాన్లలో, రెక్కల మధ్య పేరుకుని గాలిని అడ్డుకుంటాయి. అచ్చులు పోసే గదిలో, రుద్దే గదిలో డిజైన్ కంప్యూటర్ పెట్టకూడదు. వేరే గది లేకపోతే తలుపున్న అద్దాల విభాగమైనా చేయించుకోవాలి, జాలీ ఫిల్టరు ఉన్న క్యాబినెట్ తీసుకుని వారానికొకసారి ఆ ఫిల్టరు దులపాలి. రంగురంగుల లైట్లకు పెట్టే డబ్బు మంచి కూలరుకు పెడితే మన ఎండలకు అదే అక్కరకొస్తుంది.

కరెంటు విషయంలో కూడా ఇంతే. బజారులో ఎక్కువగా అమ్ముడుపోయే 600 వీఏ యూపీఎస్ నిజానికి 360 వాట్లకే తగినది. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ పూర్తి బలంతో పనిచేసే క్షణంలో, మానిటర్‌తో కలిపితే ఆ హద్దు దాటిపోవచ్చు. సరిగ్గా కరెంటు పోయినప్పుడే యూపీఎస్ చేతులెత్తేస్తుంది. ఒక కేవీఏకు తగ్గనిది తీసుకోవాలి, వీఏ అంకె కాక వాట్ల అంకె చూడాలి.

వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నందున, సొంతంగా స్కానరూ మిల్లింగూ పెట్టుకునే క్లినిక్‌లు కంప్యూటర్ మీద కట్టిన 18 శాతం పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి పొందలేవు. అందువల్ల అనవసరమైన భాగానికి పెట్టిన ప్రతి రూపాయీ పన్నుతో సహా పోయినట్లే. విక్రేతలు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై ఒక్కొక్కదాని పూర్తి మోడల్ నంబరు, ధర, వారంటీ గడువు విడివిడిగా రాసిన కొటేషన్ ఇవ్వాలి. అలా ఇవ్వనివారి దగ్గర కొనకూడదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో భాగాలు కొని బిగించుకునే విద్యార్థులు సైతం ఇంతకన్నా వివరమైన బిల్లు అడిగి తీసుకుంటున్నారు. డబ్బు కట్టేముందు ల్యాబు తన దగ్గరున్న అతి బరువైన కేసును పెన్‌డ్రైవులో తీసుకెళ్లి, ఆ కంప్యూటర్ మీద తెరిపించి, తిప్పి చూడాలి. సాఫ్ట్‌వేర్ డాంగిల్‌ను (లైసెన్సు ఉండే యూఎస్‌బీ తాళాన్ని) వెంట తీసుకెళ్లడం కష్టమేమీ కాదు.

హైదరాబాద్, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంత కళాశాలల విషయంలో అధికారులకు ఒక విన్నపం. డిజిటల్ విభాగాలకు కంప్యూటర్లు కొనేటప్పుడు ఆఫీసు గుమాస్తాలకు కొనే కంప్యూటర్ల టెండరు పత్రాన్నే వాడితే, అతి తక్కువ ధర చెప్పినవారికే కాంట్రాక్టు దక్కి, ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాలే విద్యార్థుల ముందుకు వస్తాయి. బీడీఎస్, ఎండీఎస్ విద్యార్థులతోపాటు డెంటల్ మెకానిక్ కోర్సు చదివేవారు కూడా ఈ సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి అక్కడే చూస్తారు. ఫలానా పరిమాణం గల కేసును ఫలానా సమయంలో తెరిచి, ఆగకుండా తిప్పగలగాలి అన్న పరీక్షను టెండరు షరతుల్లోనే చేర్చడానికి అదనపు ఖర్చేమీ లేదు.

భారతీయ దంతవైద్య సంఘం రాష్ట్ర శాఖలు కూడా తమ సదస్సుల్లో స్టాళ్లు పెట్టే విక్రేతలందరినీ ఒకే కేసు ఫైలును తమ యంత్రాల మీద అందరి ఎదుటా తెరిచి చూపమని కోరవచ్చు. రోగి వివరాలు తీసేసిన అలాంటి ఫైళ్లు, అంటే ఒక్క క్యాపుది ఒకటి, పూర్తి దవడ బ్రిడ్జిది ఒకటి, సీబీసీటీతో కూడిన ఇంప్లాంట్ కేసు ఒకటి, సిద్ధం చేసి ఇవ్వడానికి మావంటి ల్యాబులు ముందుకు వస్తాయి.

ఇట్లు,
ఒక డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్,
గుంటూరు.