కోడిపిల్లల కంటే ముందు పచ్చిమేత మడి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పెరటి కోళ్ల పెంపకం గురించి మన అనంతపురం జిల్లాలో అవగాహన సభలు జరుగుతుంటాయి. మహిళా సంఘాల వారికి వనరాజా, గ్రామప్రియ జాతుల కోడిపిల్లలు అందుతుంటాయి. గూడు ఎలా కట్టుకోవాలో, కొక్కెర తెగులుకు టీకా ఎప్పుడు వేయించాలో, దాణా ఎలా కలుపుకోవాలో చెబుతారు. అదంతా అవసరమే. పచ్చిమేత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘పెరటి కోళ్లు తిరిగి తింటాయి’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. మన జిల్లాలో ఆ మాటకు కాలం చెల్లింది.

ఒకప్పుడు కోడి కల్లంలో, పెంటకుప్ప మీద, చేని గట్ల వెంట తిరిగి కడుపు నింపుకునేది. ఇప్పుడు వీధులన్నీ సిమెంటు రోడ్లయ్యాయి. వాహనాలు, కుక్కలు సరేసరి. పక్కింటి పూలమొక్కల్ని గీకిందంటే ఆ పూట తగవే. చేలోకి వెళితే పురుగుమందు కొట్టిన ఆకు తింటుందన్న భయం. అందుకే చాలామంది పెరట్లో ఇనుప జాలీ చుట్టి కోళ్లను ఆ దొడ్డిలోనే ఉంచుతున్నారు. వారిని తప్పుపట్టలేం. కానీ ఆ దొడ్డి లోపలి నేల ఎలా ఉందో చూడండి. పది కోళ్లను వదిలితే కొద్ది రోజుల్లోనే గరికపోచ కూడా మిగలదు. కోడి ఆకు తిని ఊరుకోదు, పురుగు కోసం కాళ్లతో గీకి వేరును కూడా పైకి లాగుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, అదీ నమ్మకం లేకుండా కురిసే చోట, వేరు పోయిన నేల మళ్లీ పచ్చబడటం కష్టం.

దీనికి ఉపాయం చాలా చిన్నది. దొడ్డి లోపలే, ఎండ తగిలే ఒక మూల, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడి కట్టాలి. దాని చుట్టూ ఆరంగుళాల ఎత్తున చెక్క చట్రం పెట్టాలి. చెక్క లేకపోతే ఇటుకలు చాలు. పైన ఇనుప జాలీని బిగుతుగా లాగి కొట్టాలి. జాలీ కన్నం అర అంగుళం నుంచి అంగుళం లోపు ఉండాలి. కోడి పైకెక్కినా కుంగకూడదు కాబట్టి వెల్డింగ్ చేసిన గట్టి జాలీయే వాడాలి. పలుచటి కోళ్ల వల పనికిరాదు. ఇక లోపల ఆకు పెరుగుతుంది. జాలీ పైకి వచ్చిన చిగురును మాత్రమే కోడి పొడుచుకుని తినగలదు. కాళ్లు మట్టికి తగలవు కాబట్టి గీకలేదు. మొదలు, వేరు భద్రంగా ఉంటాయి, రెండు మూడు రోజుల్లో మళ్లీ చిగురు వేస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. పొడవాటి గడ్డిపోచలు మింగినప్పుడు మేతసంచిలో ఉండలు కట్టి కోళ్లు ఇబ్బంది పడతాయి. ఇక్కడ చిన్న చిన్న ముక్కలే నోటికి అందుతాయి. ఇలాంటి మడులు రెండు ఉంటే ఇంకా మంచిది. ఒకటి కోళ్లకు వదిలి, రెండోదానికి కోళ్లు చేరకుండా అడ్డు కట్టి తేరుకోనివ్వవచ్చు.

ఆకు ఎందుకంత ముఖ్యమని అడిగేవారు ఉంటారు. కోడికి తన ఒంట్లో పసుపు రంగు పదార్థాలను తయారుచేసుకునే శక్తి లేదు. పచ్చసొనకు ఆ రంగు ఆకులో ఉండే లూటీన్ వంటి వాటి నుంచి, లేదా పసుపు మొక్కజొన్న నుంచి రావాల్సిందే. తవుడు, నూకలు, తెల్ల జొన్నలు మాత్రమే తిన్న కోడి గుడ్డు పగలగొట్టి చూస్తే సొన పాలిపోయి ఉంటుంది. రంగు ఒక్కటే కాదు, విటమిన్ ఎ కూడా కోడికి ఆకులోని కెరోటిన్ ద్వారా దొరుకుతుంది. అది కరువైతే కళ్లు వాచి నీరు కారుతుంది, గుడ్లు తగ్గుతాయి. నాటు గుడ్డు అని ఎక్కువ ధర పెట్టి కొనేవారు ముందు చూసేది ఆ సొననే. జాలీలో బంధించి నూకలు వేసి పెంచిన కోడి గుడ్డును అదే పేరుతో అమ్మడం నాకు న్యాయంగా అనిపించదు.

అలాగని ఆకు దాణాకు బదులు కాదు. అందులో ఎక్కువ భాగం నీరే. మాంసకృత్తులకు వేరుశనగ చెక్క ఉండనే ఉంది, మన జిల్లాలో దానికి కొదవ లేదు. బూజు పట్టిన చెక్క మాత్రం వేయకూడదు, అందులోని అఫ్లాటాక్సిన్ అనే విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గుడ్డు పెంకుకు సున్నం కావాలి కాబట్టి గుల్లల పొడి కూడా తప్పనిసరి.

మరి ఏ విత్తనం వేయాలి? తొలకరికి సజ్జ, రాగి, అలసంద బాగుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో లూసర్న్ అనే పశుగ్రాసం వేసుకుంటే పదే పదే చిగురిస్తుంది. దశరథ గడ్డి ఎండకు ఓర్చుకుంటుంది, దాని గింజ గట్టిది కాబట్టి వేడినీటిలో కాసేపు ఉంచి చల్లాలి. తోటకూర వేసుకోవచ్చు గానీ అదొక్కటే పెడితే అందులోని ఆక్సలేట్లు సున్నాన్ని ఒంటికి పట్టనివ్వవు. మునగను దొడ్డి బయట నాటి, కొమ్మ విరిచి కోడి మెడ ఎత్తున కట్టాలి. జొన్న మాత్రం మడిలో వేయవద్దు. లేత జొన్నపైరు మేసి పశువులు పడిపోవడం మన రైతులకు తెలియనిది కాదు, వాన లేక గిడసబారిన జొన్నలో ఆ విషం మరీ ఎక్కువ. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం దొడ్డి దరిదాపుల్లో ఉండకూడదు. నీటి మీద పెరిగే అజొల్లా కూడా మంచి మేతే. కాకపోతే నలభై డిగ్రీలు దాటే మన ఎండలకు, నీడ లేకుంటే నిలవదు.

‘మనుషులకే నీళ్లు లేవు, కోళ్లకు ఆకు పెంచమంటారా?’ అని ఎవరైనా కోప్పడవచ్చు. వేసవిలో తాగునీటి ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్లున్న జిల్లాలో ఆ కోపం సబబే, దాన్ని నేను కాదనను. లెక్క మాత్రం చూడండి. పద్దెనిమిది చదరపు అడుగుల మడికి నడివేసవిలో కూడా రోజుకు ఒక బిందెకు మించి పట్టదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు దానికి సరిపోతాయి. సబ్బు నీళ్లు పోయకూడదు. బిందుసేద్యం విరివిగా ఉన్న జిల్లా మనది, తీసి పడేసిన డ్రిప్ పైపు ముక్కలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఒక ముక్కను చట్రం కిందుగా వేసుకుంటే నీరు వేరుకే చేరుతుంది, దొడ్డి తడవదు. ఇది నీటి పొదుపు కోసం మాత్రమే చెబుతున్నది కాదు. దొడ్డి నేల తడిగా ఉంటే రక్తపారుడు వ్యాధి పట్టుకుని పిల్లలు చచ్చిపోతాయి. కోళ్లు రాత్రి కునికే చోటికి మడి దూరంగా ఉండాలి. రెట్టలు ఆకు మీద పడకూడదు, పచ్చి రెట్ట మొక్కను మాడ్చేస్తుంది. రోహిణి కార్తె ఎండలకు మడిపైన కొబ్బరి మట్టల పందిరో, పాత చీరో ఉంటే చాలు.

ఇక అధికారులకు నా విన్నపం. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. పేద కుటుంబాలకు చేపట్టదగిన పనుల్లో కోళ్ల షెడ్డుకు ఆ చట్టంలో చోటిచ్చారు. షెడ్డుకు ఇటుక, రేకు లెక్కగట్టే చేత్తోనే నాలుగు గజాల జాలీని కూడా అంచనాలో చేర్చడానికి అడ్డేమిటి? పెరటి కోళ్లకు నిధులిచ్చే ఏ పథకమైనా సరే, కోళ్లతో పాటు ఒక జాలీ చట్రం, గుప్పెడు విత్తనాలు ఇవ్వాలి. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో ఇలాంటి మడి ఒకటి వేసి చూపిస్తే, అక్కడికి వచ్చే రైతులు కళ్లారా చూసి వెళతారు. కరపత్రం చదివి చట్రం కొట్టేవారు తక్కువ. రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్థక సహాయకులు టీకా వేయడానికి ఇంటికి వచ్చినప్పుడు దొడ్డిలో ఆకు ఉందో లేదో కూడా చూసి చెప్పాలి.

పంపిణీ వరుస కూడా మారాలి. పిల్లలు వచ్చాక మడి వేస్తే మొలక దశలోనే పోతుంది. మృగశిర కార్తెకు ముందే జాలీ, విత్తనాలు ఇళ్లకు చేర్చి, తొలకరికి మొలిచిన ఆకు జాలీని తాకిందని చూసుకున్నాకే కోడిపిల్లలను పంచమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శింగనమల మండలం, అనంతపురం జిల్లా.