నాన్న మెయిల్ సంగతి

అన్నయ్యకి,

ఆఫీసు గురించి ముందే చెప్పేస్తాను, బాగానే ఉంది, పని ఎక్కువ, అంతే. ఒంట్లోనూ బాగానే ఉంది. అమ్మ మళ్ళీ అడిగితే ఇదే చూపించు.

నాన్న ఆల్పైన్ (కీబోర్డుతోనే నడిచే ఆ మెయిల్ ప్రోగ్రామ్) తెరిచినప్పుడల్లా ఏదో పాత మెయిల్ దగ్గరే ఆగుతోందని, నా ఉత్తరం దొరకడం లేదని విసుక్కుంటున్నారన్నావు కదా. అది చెడిపోలేదు. చదవని మెయిళ్ళలో మొదటిదాని దగ్గర ఆగడం దాని పద్ధతి. ఆయన ఎప్పుడో తెరవకుండా వదిలేసిన ప్రకటన ఒకటి పైన ఉండి ఉంటుంది. మెయిన్ మెనూలో ఎస్, తర్వాత సీ కొట్టు. సెట్టింగుల లిస్టు చాలా పొడుగు, డబ్ల్యూ కొట్టి వెతుక్కో. 'ఇన్‌కమింగ్ స్టార్టప్ రూల్' దగ్గర 'లాస్ట్' పెట్టు. అప్పుడు చిట్టచివర వచ్చిన మెయిల్ మీదే ఆగుతుంది. అక్కడే 'ఇనిషియల్ కీస్ట్రోక్ లిస్ట్' ఉంటుంది, అందులో ఒక్క ఐ అక్షరం చేర్చు. మెనూ దగ్గర ఆగకుండా నేరుగా ఇన్‌బాక్స్‌లోకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత బయటికి వచ్చేటప్పుడు సేవ్ చేయమంటావా అని అడుగుతుంది, వై కొట్టడం మర్చిపోకు.

ఫోన్‌లో యాప్ పెట్టకుండా ఈ చాదస్తం ఏమిటని వదిన అన్నదట. అనడం తేలికే. ఆపరేషన్ అయ్యాక ఆయనకి మౌస్ బాణం ఎక్కడుందో కనపడదు. నల్లటి తెర మీద పెద్ద అక్షరాలైతే చదువుకుంటారు. పైగా కంప్యూటర్ సెంటర్ రోజుల నుంచీ ఆయన వేళ్ళకి పైన్ అలవాటు. 1989లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో మొదలైన సాఫ్ట్‌వేర్ అది. 2007లో ఆల్పైన్ పేరుతో వచ్చినా సీ అంటే కొత్త ఉత్తరం, ఆర్ అంటే జవాబు, ఏమీ మారలేదు. ఈ వయసులో ఆయన్ని మళ్ళీ ఓనమాలు దిద్దమనడం నాకిష్టం లేదు.

డిలీట్ గురించి టెన్షన్ పడొద్దను. డీ కొడితే మెయిల్ పక్కన డిలీట్ గుర్తు మాత్రం పడుతుంది, అంతే. యూ కొడితే వెనక్కి వచ్చేస్తుంది. మూసేటప్పుడు నిజంగా తీసేయాలా అని అడుగుతుంది, అప్పుడు ఎన్ కొట్టమను.

నేను మట్‌కి, అంటే అలాంటిదే ఇంకో మెయిల్ ప్రోగ్రామ్‌కి, మారానని తెలుసుగా. కీలన్నీ మనకి నచ్చినట్టు మార్చుకునే ఆ స్వేచ్ఛ ఆల్పైన్‌లో లేదు. ఇంటి నుంచి వచ్చేవన్నీ 'ఇల్లు' అనే ఫోల్డర్‌లోకి వెళ్ళేలా పెట్టాను, ఎఫ్2 నొక్కితే ఎక్కడున్నా అందులోకి వెళ్ళిపోతాను. మొదట్లో పెద్ద జెడ్ ఆప్షన్‌తో తెరిచేవాణ్ణి. కొత్త మెయిల్ ఉన్న ఫోల్డర్‌ని వెంటనే చూపిస్తుంది, ఏదీ లేకపోతే ఒక ముక్క చెప్పి అక్కడికక్కడే మూసుకుపోతుంది. రాత్రి గదికొచ్చి తెరిస్తే అలా ముఖం మీదే మూసుకుపోవడం నాకు పడలేదు. తీసేశాను. ఇప్పుడు కొత్తది ఉన్నా లేకపోయినా ఇల్లు ఫోల్డరే తెరుచుకుంటుంది. పాతవే చదువుకుంటాను, నాన్న రాసినవి ముఖ్యంగా.

తెలుగు మాత్రం మట్ నడిచే నా టెర్మినల్‌లో, అంటే ఆ అక్షరాల తెర మీద, సరిగ్గా చూడలేను. గుణింతాలు ఒకచోట, అక్షరాలు ఒకచోట. అందుకే వీ కీకి ఒక మాక్రో (ఒక్క కీతో కొన్ని పనులు వరసగా చేయించే ఆదేశం) రాసుకున్నాను, నొక్కితే మెయిల్ కాస్తా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. మెయిల్‌ని విప్పి బ్రౌజర్‌కి పంపే 'పైప్ డీకోడ్' సెట్టింగు ఆన్ చేసేవరకూ నాన్న ఉత్తరానికి బదులు బేస్64 అనే సంకేత రూపంలో అక్షరాల గుట్ట వచ్చేది. ఇప్పుడు బాగా కనిపిస్తోంది. తెలుగులోనే రాయమను, నా కోసం ఇంగ్లీషులో కష్టపడొద్దని చెప్పు.

మెషీన్లు పట్టుకుని మనుషుల్ని మర్చిపోయానని పిన్ని అందట. ఫోన్ చేయని రోజు చదువుకుంటూనే ఉన్నాననుకోమను. సెలవు సంగతి ఇంకా తేలలేదు, అమ్మ దగ్గర ఎత్తకు.

నువ్వు సెట్టింగులు ముట్టుకునే ముందు ఆల్పైన్ సెట్టింగులన్నీ ఉండే నాన్న డాట్ పైన్‌ఆర్‌సీ ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టు. ఏదైనా తేడా వస్తే ఆ కాపీని వెనక్కి పెట్టేయొచ్చు.

నీ తమ్ముడు