సిరప్ కంటే ముందు బ్లడ్ కల్చర్

సంపాదకులకు నమస్కారం.

వర్షాకాలంలో మా ఎనిమిదేళ్ల బాబుకి జ్వరం వస్తే రెండో రోజే వైడాల్ అనే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ సిరప్ రాశారు. మూడు రోజులైనా థర్మామీటర్ 102 దగ్గర్నుంచి కదల్లేదు. టెన్షన్‌తో ఇంకో ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "మందు మొదలుపెట్టక ముందు బ్లడ్ కల్చర్ చేయించారా?" లేదు. రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి, అది ఏ మందుకి లొంగుతుందో చెప్పేది ఆ పరీక్షే. వైడాల్‌ను, అందులోనూ మొదటి వారంలో, నమ్మలేమట. సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టొచ్చని కూడా అప్పుడే తెలిసింది.

టైఫాయిడ్‌కి ఒకప్పుడు క్లోరామ్‌ఫెనికాల్ మందు వాడేవారు, ఆ తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్. క్రిమి దానికి లొంగడం మానేయడంతో మన దేశంలో ఇప్పుడు సిప్రోని నమ్ముకునే పరిస్థితి లేదు. ఇంట్లో ఉంచి చూసుకోగలిగిన పిల్లలకి అజిత్రోమైసిన్, వాంతులతో నీరసించిపోయిన వాళ్లకి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. పాకిస్తాన్‌లోని సింధ్‌లో 2016లో సెఫ్ట్రియాక్సోన్‌కీ లొంగని టైఫాయిడ్ మొదలైంది. అక్కడ నోటి మందుల్లో అజిత్రోమైసినే దిక్కయింది. అదే మందుని మనం జలుబుకి కూడా చీటీ లేకుండా కొనేస్తున్నాం (నేనూ కొన్నాను).

ఏరియా ఆసుపత్రుల్లో మొదటి డోసుకి ముందే పిల్లలకి కల్చర్ తీసే ఏర్పాటు చేయాలని ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

— ఒక తల్లి, వరంగల్