నంద్యాల-ఎర్రగుంట్ల లైను పదేళ్ల వేడుకలో కట్ట పోసినవాళ్లకు చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

నంద్యాల-ఎర్రగుంట్ల రైలు మార్గం మొదలై 2026 ఆగస్టుకు పదేళ్లు. 1996-97లో మంజూరైన ఈ 123 కిలోమీటర్ల లైను మీద ప్యాసింజర్ రైలు తిరగడానికి 2016 దాకా పట్టింది. అంతవరకూ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కోవెలకుంట్ల, బనగానపల్లె జనం రైలెక్కాలంటే ఎర్రగుంట్లకో నంద్యాలకో బస్సులో పోవాల్సిందే. ఇంత ఎదురుచూసిన లైనుకు పదేళ్ల వేడుక తప్పకుండా జరగాలి. ఆ రోజు మొదటి వరసలో భూములిచ్చిన రైతులు, కట్ట పోసిన కూలీలు, పట్టాలు పరిచిన గ్యాంగులు కూర్చోవాలి. వాళ్ల పేర్లు చెక్కించి స్టేషన్లో పెట్టాలి. నేను కోరేది ఇదే.

రైలు మార్గం పూర్తయినప్పుడు చేసిన వేడుకల్లో ప్రపంచమంతా చెప్పుకునేది అమెరికాలో 1869 మే 10న జరిగినదే. తూర్పు నుంచి యూనియన్ పసిఫిక్, పడమటి నుంచి సెంట్రల్ పసిఫిక్ కంపెనీలు పట్టాలు వేసుకుంటూ వచ్చి యూటాలోని ప్రామంటరీ దగ్గర కలిశాయి. చివరి పట్టాను కింది స్లీపరు దిమ్మెకు బిగించే లాంఛనం కోసం సెంట్రల్ పసిఫిక్ అధ్యక్షుడు లీలాండ్ స్టాన్‌ఫర్డ్ చేతికి బంగారు మేకు ఇచ్చారు. స్లీపరుకు ముందే బెజ్జం వేసి ఉంచారు కాబట్టి మేకు అందులోకి సులువుగా దిగింది. వేడుక కాగానే దాన్ని పైకి తీసేశారు. ఇప్పుడది ఆయన స్థాపించిన విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. పట్టాను నిజంగా పట్టి ఉంచిన చివరి మేకు మామూలు ఇనుపది. పని అయిపోయిందన్న కబురు టెలిగ్రాఫ్ తీగల మీద దేశమంతా పాకింది.

ఆ రోజు తీసిన ప్రసిద్ధమైన ఫొటోలో రెండు ఇంజన్లు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. మధ్యలో ఇద్దరు ఇంజనీర్లు చేతులు కలుపుతుంటారు, చుట్టూ జనం. సెంట్రల్ పసిఫిక్ పనివాళ్లలో ఎక్కువమంది చైనా కూలీలు. సియెర్రా నెవాడా కొండల్లో, మంచులో, గ్రానైట్ తొలిచి సొరంగాలు వేసింది వాళ్లే. ఆ గుంపులో మాత్రం వాళ్లు దాదాపుగా కనిపించరు. అంతకు పన్నెండు రోజుల ముందు, ఏప్రిల్ 28న, సెంట్రల్ పసిఫిక్ పనివాళ్లు ఒక్క రోజులో పది మైళ్ల పట్టా వేసి రికార్డు సృష్టించారు. పట్టాలు మోసిన ఎనిమిది మంది ఐరిష్ కార్మికుల పేర్లు నేటికీ ఉన్నాయి. అదే రోజు వాళ్ల పక్కన ఒళ్లు హూనం చేసుకున్న చైనా కూలీల పేర్లు లేవు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది 1969లో జరిగిన నూరేళ్ల వేడుక. అక్కడి రవాణా మంత్రి ఇలాంటి సొరంగాలు అమెరికన్లు తప్ప ఇంకెవరు తవ్వగలరన్న ధోరణిలో ప్రసంగించారు. తవ్వినవాళ్లకు అప్పటి చట్టం పౌరసత్వమే ఇవ్వలేదు. వాళ్ల తరఫున మాట్లాడాలని వచ్చిన చైనీస్ అమెరికన్ సంఘం ప్రతినిధికి వేదిక మీద అవకాశం దక్కలేదు. 2014లో అమెరికా కార్మిక శాఖ ఆ కూలీలను తన గౌరవ జాబితాలో చేర్చింది. 2019లో 150 ఏళ్ల వేడుకలో వాళ్ల వారసులకు గౌరవంగా చోటు దొరికింది. అప్పటికి ఎవరు ఎక్కడ పనిచేశారో, ఏ సొరంగంలో ఎవరు పోయారో చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. మన లైనుకు పదేళ్లే అయింది. కట్ట పోసినవాళ్లు, భూమి ఇచ్చినవాళ్లు చాలామంది మన మధ్యే ఉన్నారు. ఇప్పుడు అడిగితే చెప్తారు.

మన సీమలో ఒకసారి ఈ నష్టం జరిగిపోయింది కూడా. మద్రాసు రైల్వే పట్టాలు కడప, తాడిపత్రి, గుత్తి, ఆదోని మీదుగా సాగి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన జి.ఐ.పి. (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వేతో కలిశాయి.   నందలూరు దగ్గర చెయ్యేటి మీద, కమలాపురం దగ్గర పాపఘ్ని మీద వంతెనలకు రాళ్లు కొట్టినవాళ్లు, మట్టి మోసినవాళ్లు ఏ ఊళ్లవాళ్లో, వాళ్ల పిల్లలు ఏమయ్యారో మనకు తెలియదు. 1876-78 కరువు తర్వాత, కరువు ప్రాంతాలకు ధాన్యం చేరాలని వేసిన లైన్లలో గుంతకల్లు నుంచి నంద్యాల, నల్లమల మీదుగా బెజవాడకు వెళ్లే మీటర్ గేజ్ ఒకటి. నల్లమలలో కొండ తొలిచిన చేతులకు కూడా ఎక్కడా పేరు లేదు.

మన దగ్గర హడావుడంతా శంకుస్థాపనకే. 2023 ఆగస్టు 6న దేశవ్యాప్తంగా 508 స్టేషన్ల పునరాభివృద్ధికి ఒకే రోజు శంకుస్థాపన చేశారు. పని మొదలైందని అందరికీ తెలియడం మంచిదే, దాన్ని తప్పుపట్టను. కానీ కడప-బెంగళూరు లైను చూడండి. 2008-09లో మంజూరైంది. కడప నుంచి పెండ్లిమర్రి దాకా ఇరవై కిలోమీటర్లకు పైచిలుకు వేశాక పని ముందుకు సాగలేదు. ఇలాంటి చోట పూర్తయిన ప్రతి లైనూ పండగ చేసుకోదగ్గదే. ఆ పండగ రెండు వైపుల పట్టాలు కలిసిన చోట, ఆ ఊరి జనం మధ్య జరగాలని నా అభిప్రాయం.

పేర్లు ఎలా దొరుకుతాయని అడుగుతారేమో. భూసేకరణ ఫైళ్లలో రైతుల పేర్లు, సర్వే నంబర్లతో సహా ఉంటాయి. కూలీల పేర్లు కాంట్రాక్టర్ల మస్టర్లలో ఉండాలి. చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చి పోయారు, అందరి పేర్లూ దొరక్కపోవచ్చు. దొరికినన్ని రాయించాలి. పనిలో ప్రాణాలు పోయినవాళ్లు ఉంటే వాళ్లవి ముందు రాయాలి. ఇది రైల్వేకు కొత్త కాదు. కొంకణ్ రైలు మార్గం కట్టేటప్పుడు చనిపోయిన కార్మికుల కోసం రత్నగిరిలో శ్రమశక్తి స్మారకం కట్టారు.

శిలాఫలకానికి రాయి ఎక్కడి నుంచో తెప్పించాల్సిన పనిలేదు, మన కడప బండ ఉంది. జమ్మలమడుగు, బనగానపల్లె స్టేషన్లలో చెరొకటి నిలబెట్టి, లైను చరిత్ర తెలుగులో చెక్కిస్తే బడి పిల్లలు చదువుకుంటారు. ఏప్రిల్, మే ఎండల్లో భుజాన సామాన్లతో ఇదే పట్టా మీద నడుస్తూ దాన్ని చూసుకునే ట్రాక్‌మెన్, కీమెన్ చేత ఆ రోజు రైలుకు పచ్చజెండా ఊపించాలి.

రైల్వే అధికారులు, కడప, నంద్యాల ఎంపీలు పేర్ల సేకరణ వెంటనే మొదలుపెట్టాలని కోరుతున్నాను. లైను పొడవునా ఉన్న గ్రామ సచివాలయాల్లో నోటీసు పెడితే చాలు, మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు. భూమి పట్టా నకళ్లు, పని జరిగేటప్పుడు తీసుకున్న ఫొటోలు ఇంట్లో ఉన్నవాళ్లు వాటిని పారేయకుండా దాచిపెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
జమ్మలమడుగు, కడప జిల్లా