మేనరికం గడి మార్చి రాయి

తిరుపతి

ఒరే మురళీ,

నీ షుగరు జన్యు సర్వే ఫారం రెండుసార్లు చదివినా. "మీది మేనరికమా?" అనే గడి దగ్గరే నా మనసు ఒప్పుకోలా. పలమనేరులో ఏ పెద్దమ్మనడిగినా తన పెళ్ళి సంగతే చెప్తుంది. ఆమె రక్తంలో కనపడేది ఆమె అమ్మానాన్నల పెళ్ళి రా! "మీ అమ్మానాన్నలు ముందునుంచీ చుట్టాలా? ఏ వరస?" అని అడిగించు. మేనమామ అక్క కూతుర్ని చేసుకుని ఉంటే, పిల్లల జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు చోట్ల అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చింది ఒకే పూర్వీకుల నకలై ఉంటుంది. మేనత్త మేనమామ బిడ్డలైతే పదహారో వంతు. ల్యాబులో తేలిన లెక్క ఈ వరసతో బొత్తిగా పొసగకపోతే ట్యూబు మారిందేమో అని కూడా అనుమానించొచ్చు.

దీనికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. జబ్బున్నవాళ్ళను తిరుపతి ఓపీలో, లేనివాళ్ళను కుప్పం పల్లెల్లో తీసుకుంటానన్నావే, అది మాత్రం వద్దు. తిరుపతికి కడప, నెల్లూరు నుంచి కూడా వస్తారు. కుప్పం వైపు తమిళం, కన్నడం మాట్లాడే ఇండ్లు జాస్తి. మన కులాలు తరతరాలుగా లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటున్నాయి కదా, ఆ తేడాలే షుగరు జన్యువుల వేషంలో పైకి తేల్తాయి. ఒకే ఊళ్ళో, ఒకే కులంలో జతజతగా తీసుకో. జబ్బు లేనివాడు వయసులో పెద్దోడైతే ఇంకా మేలు. ముప్పై ఏళ్ళోడికి రేపు షుగరు రాదని ఏముంది?

కులం గడి తీసెయ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వైశ్యుల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం మిగతావాళ్ళకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. మామూలుగా ఆ లోపం ఉన్నట్టే తెలీదు. ఆపరేషన్ బల్ల మీద కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఇస్తే మాత్రం నిమిషాల్లో వదలాల్సిన కండరాల చచ్చుబాటు గంటలకొద్దీ ఉండిపోతుంది. అంతసేపూ వెంటిలేటర్ మీద పెట్టాల్సిందే. కులం రాసుకోకుంటే ఇది తేలేదా చెప్పు?

రక్తం ఊదా మూత ట్యూబులోనే (గడ్డ కట్టనివ్వని ఈడీటీఏ ఉండేది) తీయించు, 3 మి.లీ. చాలు. ఆకుపచ్చ మూతలో హెపారిన్ ఉంటుంది, అది డీఎన్‌ఏకు నకళ్ళు తీసే పీసీఆర్‌ను చెడగొడుతుంది. తీసిన వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి. గడ్డ కడితే తెల్లకణాలు అందులో చిక్కుకుని డీఎన్‌ఏ చాలీచాలకుండా వస్తుంది. థర్మకోల్ డబ్బాలో ట్యూబులు ఐసుకు ఆనకుండా నడుమ అట్టముక్క పెట్టు. 96 గుంతల ప్లేటులో జబ్బున్నవాళ్ళనూ లేనివాళ్ళనూ కలగలిపి పెట్టమని ల్యాబుకు గట్టిగా చెప్పు, లేకుంటే ప్లేటు తేడానే జబ్బు తేడాగా కనపడుతుంది.

600 మంది సరిపోతారా అని అడిగావు. డీఎన్‌ఏలో పది లక్షల చోట్ల పరీక్షించి, ఊరికే కాకతాళీయంగా తేలే అవకాశం నూటికి ఐదు అనే మామూలు గీత పెడితే 50,000 ఉత్తుత్తివే తేల్తాయి. అందుకే ఈ పనిలో గీత పది కోట్లకు ఐదు. షుగరులో ఒక్కో జన్యువు బలం బాగా తక్కువ, 600 మందితో ఆ గీత దాటడం దాదాపు కుదరదు. బ్రిటన్ వాళ్ళ ఆరోగ్య, జన్యు డేటా నిధి యూకే బయోబ్యాంకులో 5 లక్షల మంది ఉన్నారు. నీ ఒక్కడివల్ల అంతమంది కారు, అందుకే నీ డేటా ఇంకొకరి దాంతో కలిసేటట్టుండాలి. "షుగరు ఉంది, లేదు" అని టిక్కు పెట్టి వదిలెయ్యొద్దు, రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ అంకె రాయించు. డేటా వేరే పరిశోధకులకూ ఇస్తామనే మాట సమ్మతి పత్రంలో ఇప్పుడే చేర్చు. తర్వాత మళ్ళీ ఊరూరా తిరిగి సంతకాలు పెట్టించుకోలేవు.

ఫారం మార్చి పంపు, చూస్తా.

నీ
శీనూ