మన అసోసియేషన్ వార్షిక నివేదిక 2025–26: సూపర్‌వైజర్ల ట్రైనింగ్ ఎక్కడిదాకా వచ్చింది

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, నాచారం, కాటేదాన్ వైపు యూనిట్లలో పనిచేస్తున్న సభ్యులందరికీ నమస్కారం. దసరాకి ఆయుధ పూజ, సంక్రాంతికి పిల్లల పోటీలు ఎప్పట్లాగే బాగా జరిగాయి, ఫొటోలన్నీ గ్రూపులో ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయట్లేదు. ఈసారి రిపోర్టు మొత్తం ఒక్క పని గురించే, సూపర్‌వైజర్ల ట్రైనింగ్ గురించి, ఎందుకంటే ఈ ఏడాది మన టైమూ డబ్బులూ ఎక్కువ దానికే పోయాయి, పోవాల్సింది కూడా దానికే అని కమిటీ గట్టిగా నమ్ముతోంది.

మన యూనిట్లలో సూపర్‌వైజర్ ఎలా అవుతాడో అందరికీ తెలుసు. లేత్ మీదో వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషీన్) మీదో ఏళ్లతరబడి మంచిగా చేసిన కుర్రాడు ఉంటాడు, టార్గెట్ తప్పడు, రిజెక్షన్ రానీయడు, ఓటీ అంటే కాదనడు, ఒకరోజు పాత సూపర్‌వైజర్ మానేస్తే ఓనర్ పిలిచి రేపట్నుంచి లైన్ నువ్వే చూస్కో అంటాడు. అంతే, ట్రైనింగ్ అయిపోయింది. నిన్నటిదాకా పక్కన నిలబడి టీ తాగిన మనిషికి ఇవాళ పని చెప్పాలి, ఆ మనిషి వయసులో పెద్ద, సర్వీసులో పెద్ద, చెప్పడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. దాంతో రెండే దారులు మిగుల్తాయి, అయితే అరవడం, లేకపోతే తనే మెషీన్ ఎక్కి ఆ పని చేసేయడం. రెండోది చూడ్డానికి మంచితనంలా ఉంటుంది గానీ లైన్‌కి ఎక్కువ నష్టం దానివల్లే, ఎందుకంటే సూపర్‌వైజర్ ఒక మెషీన్ దగ్గర ఇరుక్కుపోతే మిగతా మెషీన్లని చూసేవాళ్లు ఉండరు, నేర్చుకోవాల్సినవాడు నేర్చుకోడు, ఆయన లీవు పెట్టిన రోజు లైన్ ఆగిపోతుంది.

మన ఊళ్లో నేర్చుకునే చోట్లు లేక కాదు. బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే ప్రభుత్వ సంస్థ సీఐటీడీ 1968 నుంచి ఉంది, టూల్ డిజైన్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో మెషీన్ నడపడం) నేర్చుకున్న మనవాళ్లు ఎంతోమంది అక్కడినుంచే వచ్చారు. యూసఫ్‌గూడలో చిన్న పరిశ్రమల కోసం 1962 నుంచి ఇన్‌స్టిట్యూట్ ఉంది, పాతవాళ్లు ఇప్పటికీ సియెట్ అనే పిలుస్తారు, ఇప్పుడు పేరు నిమ్స్‌మే. కానీ ముప్పై నలభై మంది పనిచేసే యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని వారం రోజులు బయటికి పంపమంటే ఏ ఓనర్ కూడా ఒప్పుకోడు, ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. అందుకే మేం ఆదివారం పొద్దున క్లాసు, మిగతా వారమంతా తన సొంత లైన్ మీద ప్రాక్టీసు, మళ్లీ ఆదివారం వచ్చి ఏం జరిగిందో చెప్పడం, ఇలా పెట్టుకున్నాం. చెప్పింది ఎవరో బయటినుంచి వచ్చిన కన్సల్టెంట్లు కాదు, ఒకప్పుడు హెచ్ఎంటీ, ఆల్విన్, ప్రాగా టూల్స్, ఐడీపీఎల్ లాంటి చోట్ల షాపులు నడిపి రిటైరైన మన పెద్దలే. ఈ వయసులో సిటీ బస్సులు మారి మరీ వచ్చారు, ఒక్కరూ రూపాయి తీసుకోలేదు. వాళ్లకి అసోసియేషన్ తరఫున దండం పెట్టి చెప్తున్నాం, ఈ రిపోర్టులో మంచి ఏదైనా ఉంటే అది వాళ్లదే.

కోర్సుకి మూలం పాతదే. రెండో ప్రపంచ యుద్ధం టైములో అమెరికాలో ఫ్యాక్టరీలకి లక్షల మంది కొత్తవాళ్లు వచ్చిపడ్డారు, అనుభవం ఉన్నవాళ్లు సైన్యంలోకి పోయారు, అప్పుడు సూపర్‌వైజర్లకి తొందరగా నేర్పడానికి 1940 నుంచి 1945 దాకా టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అని ఒక ప్రోగ్రాం నడిపారు. అందులో ముఖ్యంగా మూడు విద్యలు, పని నేర్పించడం, మనుషులతో మెలగడం, పని పద్ధతి మెరుగు చేయడం. యుద్ధం అయ్యాక అమెరికాలో దాన్ని పక్కన పడేశారు గానీ జపాన్ వాళ్లు పట్టుకున్నారు, టొయోటాలో కొత్తవాళ్లకి పని నేర్పే పద్ధతి ఇప్పటికీ దాని మీద నిలబడిందే. ఎనభై ఏళ్ల కిందటిది ఇప్పుడెందుకని మొదటి రోజు ఒకరిద్దరు అడిగారు, ముడి క్లాసు అయ్యాక మళ్లీ ఎవరూ అడగలేదు.

ముడి క్లాసు గురించి రానివాళ్ల కోసం చెప్తాను. బల్బు హోల్డర్ లోపల వైరుకి ఒక ముడి వేస్తారు, కింద నుంచి లాగినా స్క్రూల దగ్గర కనెక్షన్ ఊడిరాకుండా. టీడబ్ల్యూఐ క్లాసుల్లో మొదట్నుంచీ డెమోకి ఈ ముడినే వాడేవాళ్లు. మన మాస్టారు ముందు ఒకర్ని నిలబెట్టి నోటితోనే చెప్పారు, కుడి వైరు ఇలా ముందుకి, ఎడమ వైరు దాని వెనక నుంచి, లూప్‌లోంచి బయటికి అని. రాలేదు. తర్వాత ఇంకొకర్ని పిలిచి ఒక్క మాట మాట్లాడకుండా చేసి చూపించారు. అదీ రాలేదు, ఎదురుగా నిలబడి చూస్తే కుడి ఎడమ తిరగబడుతుంది కదా. ఆ తర్వాత మూడో మనిషిని తన పక్కన నిలబెట్టుకుని, ఈ పని దేనికో ముందు చెప్పి, ఒక్కో స్టెప్ చేస్తూ చెప్పి, రెండోసారి ప్రతి స్టెప్‌లో తప్పకూడని పాయింట్ చెప్పి, మూడోసారి ఆ పాయింట్ ఎందుకో చెప్పి, తర్వాత అతనితోనే చేయించి, చేస్తూ నోటితో చెప్పించారు. ముడి పడింది. ఒక ప్రెస్ షాపు (రేకుని నొక్కి భాగాలు చేసే చోటు) సూపర్‌వైజర్ అక్కడే లేచి, సార్ నేను పదేళ్లనుంచి మొదటి ఇద్దరికి నేర్పినట్లే నేర్పుతున్న, రాకపోతే వాళ్లకి తెలివి లేదనుకున్న అన్నాడు. ఆ కోర్సులో ఒక మాట ఉంది, నేర్చుకునేవాడికి రాలేదంటే నేర్పేవాడు నేర్పలేదనే లెక్క అని. ఆ రోజు దాన్ని బోర్డు మీద రాయాల్సిన పని పడలేదు.

తర్వాత వారం హోంవర్క్, ఎవరి లైన్‌లో పనిని వాళ్లు అలా స్టెప్పులు, పాయింట్లు, కారణాలుగా విడగొట్టి ఒక కాగితం మీద రాసుకురావాలి. ఇక్కడే అసలు సంగతి బయటపడింది. చేతికి అలవాటైపోయిన పనిని మాటల్లో పెట్టడం చాలా కష్టం. టర్నింగ్ చేసే ఒకాయన ఇన్సర్ట్ (టూల్ చివర లోహాన్ని కోసే చిన్న ముక్క) మార్చడం గురించి ఒకే లైన్ రాశాడు, పాతది తీసి కొత్తది పెట్టాలి అని. మాస్టారు అడుగుతూ పోతే ఒక్కోటీ వచ్చింది, పెట్టేముందు సీటు తుడుస్తానన్నాడు, ఎందుకంటే కింద చిన్న చిప్పు ఉన్నా ఇన్సర్ట్ సరిగ్గా కూర్చోదు, సైజు తేడా వస్తుంది, లోడ్ పడగానే చిట్లిపోతుంది. మరి ఇది కొత్త కుర్రాడికి చెప్పావా అంటే ఆలోచించి, లేదు సార్, ఇది చెప్పాల్సిన సంగతని కూడా తెల్వదు అన్నాడు. ఆ యూనిట్‌లో ఇన్సర్ట్లు ఊరికే విరుగుతున్నాయని సప్లయర్‌ని ఎన్నాళ్లుగా తిడుతున్నారో మన సభ్యులకి తెలుసు.

మనుషులతో మెలగడం మీద పెట్టిన క్లాసులకి జనం ఎక్కువ వచ్చారు, ఎవరి గోడు వాళ్లకి ఉంది మరి. నాలుగు మెట్లు, ముందు సంగతులన్నీ తెలుసుకో, ఆలోచించి నిర్ణయించు, పని చెయ్, తర్వాత ఫలితం చూడు. వినడానికి చాలా మామూలుగా ఉంటుంది, మొదటి మెట్టు మాత్రం అందరం దాటేస్తాం. ఒక కేసు రాస్తాను. ఒక ఆపరేటర్, మంచి పనివాడు, సోమవారం వస్తే చాలు మెషీన్ దగ్గర నిలబడడు, ఊరికే బయటికి పోతాడు. సూపర్‌వైజర్ మెమో ఇవ్వాలనుకున్నాడు, క్లాసులో కేసు పెడితే ముందు అడిగి రా అన్నారు. పోయి, "ఏందన్నా, సోమవారం మెషీన్ కాడ ఉంటలేవు, ఏమన్నా ఇబ్బందా?" అని అడిగాడు. "నువ్వొచ్చి ఒక గంట నిలబడు తమ్మీ, తెలుస్తది" అన్నాడాయన. నిలబడితే కూలెంట్ (కోసేచోట వేడి తగ్గించడానికి పోసే ద్రవం) కుళ్లిన వాసన. ఆదివారం మెషీన్ ఆగి ఉంటే ట్యాంకులో పైన నూనె పొర కట్టి, కింద గాలి ఆడక బ్యాక్టీరియా పెరిగి, సోమవారం పంపు ఆన్ చేయగానే ఆ కంపు అంతా మొహం మీదకి వస్తుంది. పైన తేలే నూనె తీయించి, ట్యాంకు కడిగించి, కూలెంట్ పాళ్లు రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరంతో చూడ్డం మొదలుపెట్టారు, మెమో అవసరం రాలేదు. ఆ సూపర్‌వైజర్‌కి ఇరవై ఎనిమిదేళ్లు, ఆపరేటర్‌కి యాభై దాటాయి, ఇద్దరి మధ్యా ఆ ఒక్క ప్రశ్న చేసిన పని ఏ మెమో కూడా చేయలేదు.

పద్ధతి మెరుగు చేయడం కింద డై చేంజ్ (ప్రెస్‌లో రేకుకి ఆకారం ఇచ్చే అచ్చు మార్చడం) తీసుకున్నాం, ప్రెస్ షాపులన్నిటికీ అదే పెద్ద తలనొప్పి కాబట్టి. 1969లో టొయోటాలో 1000 టన్నుల ప్రెస్ మీద డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేదని, షిజియో షింగో అనే ఆయన దాన్ని ముందు గంటన్నరకి, తర్వాత మూడు నిమిషాలకి తెచ్చాడని మాస్టారు చెప్తే ఎవరూ నమ్మలేదు. కిటుకు మాత్రం మనకీ పనికొచ్చేదే, మెషీన్ ఆపితేనే అయ్యే పని వేరు, మెషీన్ తిరుగుతుండగానే చేసుకోగల పని వేరు, రెండూ విడదీయాలి. ఓనర్ పర్మిషన్‌తో ఒక యూనిట్‌లో డై చేంజ్ మొత్తం ఫోన్‌లో వీడియో తీసి క్లాసులో అందరం కూర్చుని చూశాం. ప్రెస్ ఆగి ఉన్న టైములో ఎక్కువ భాగం దేనికి పోయిందంటే, డై కోసం ర్యాక్ దగ్గరికి నడవడం, సరైన ఎలెన్ కీ వెతకడం, బోల్టు పొడవు సరిపోక ప్యాకింగ్ ముక్కలు ఏరుకురావడం, ఫస్ట్ పీస్ చూడాల్సిన క్వాలిటీ ఆయన ఎక్కడున్నాడో ఫోన్ చేయడం. బిగించే పని చాలా తక్కువసేపే. ఇప్పుడు అక్కడ డై, బోల్టులు, కీలు అన్నీ ఒక ట్రాలీ మీద ముందే పెట్టి ఉంచుతున్నారు, షట్ హైట్ (డై మూసుకున్నప్పుడు ఉండే ఎత్తు) డై మీదే పెయింట్‌తో రాసి పెట్టారు, క్వాలిటీ ఆయనకి ముందే కబురు పోతుంది. కొత్త మెషీన్ ఏదీ కొనలేదు, ఒక ట్రాలీ వెల్డింగ్ చేయించారు అంతే.

లెక్కల క్లాసు గురించి కూడా కొంచెం చెప్పాలి, దాన్ని వాడటంలోనే తేడా వస్తుంది కాబట్టి. ఓఈఈ (ఉన్న టైములో మెషీన్ నుంచి నిజంగా ఎంత మంచి పని వచ్చిందో చెప్పే శాతం) అంటే చాలామందికి భయం, బోర్డు మీద ఇలా వేసి చూపించాం: షిఫ్ట్ 480 నిమిషాలు, లంచ్, టీలు పోతే 420. సెట్టింగుకీ బ్రేక్‌డౌన్‌కీ 84 నిమిషాలు ఆగింది అనుకుందాం, తిరిగింది 336, అంటే 80 శాతం. నిమిషానికో పీసు చొప్పున 336 రావాలి, వచ్చినవి 280. అందులో మంచివి 252. ఇప్పుడు 420లో 252 అంటే 60 శాతం. రోజంతా మెషీన్ తిరుగుతున్నట్టే కనిపించింది, మనుషులు చెమటలు కక్కారు, అయినా నలభై శాతం ఎక్కడో కారిపోయింది. ఈ నంబరు సూపర్‌వైజర్‌కి ఎక్కడ చూడాలో చెప్పడానికి పనికొస్తుంది, ఆపరేటర్‌ని తిట్టడానికి మాత్రం వాడొద్దని ఓనర్లందరికీ ఈ రిపోర్టు ద్వారా మనవి. తిట్లు మొదలైన రోజునుంచి లాగ్‌బుక్‌లో మెషీన్ ఆగిన టైము రాయడం మానేస్తారు, తర్వాత నంబరు బాగుంటుంది, డిస్పాచ్ మాత్రం లేటవుతూనే ఉంటుంది.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు తర్వాత సభ్యులే అడిగి సేఫ్టీ క్లాసులు పెట్టించుకున్నారు. నలభై మందికి పైగా పోయారు, చాలామంది ఊరు కాని ఊరు పనికోసం వచ్చినవాళ్లు. ఆ క్లాసులో హెల్మెట్లు, బూట్ల కన్నా ఎక్కువ మాట్లాడింది ఒక్క ప్రశ్న మీద, నైట్ షిఫ్ట్‌లో ఏదో తేడాగా ఉంది అనిపిస్తే మెషీన్ ఆపే అధికారం నీకుందా, ఆపినందుకు పొద్దున నీకు మాట పడుతుందా. ఆపే అధికారం ఉందనుకునేవాళ్లని చేతులెత్తమంటే సగానికి పైగా ఎత్తలేదు. ప్రెస్ మీద రెండు చేతుల బటన్‌లో ఒకదానికి టేపు వేసి నొక్కి ఉంచడం, గార్డు విప్పి పక్కన పెట్టడం, రిపేరు చేస్తుండగా మెయిన్ స్విచ్‌కి తాళం వేయకపోవడం, ఇవి చూసీ చూడనట్టు వదిలేసే సూపర్‌వైజర్ చెడ్డవాడు కాదు, టార్గెట్ గురించి రోజూ అడుగుతారు, గార్డు గురించి ఎవరూ అడగరు. అందుకని కోర్సుకి మనిషిని పంపే ఓనర్ దగ్గర ఒక కాగితం మీద సంతకం తీసుకుంటున్నాం, ప్రమాదం అనిపిస్తే లైన్ ఆపే హక్కు మా సూపర్‌వైజర్‌కి ఉంది, ఆపినందుకు అడగం అని. కొంతమంది సంతకం పెట్టలేదు, వాళ్ల దగ్గరికి కమిటీ మళ్లీ పోతుంది.

భాష సంగతి ముందే అనుకోలేదు గానీ మధ్యలో కలిపాం. ఇప్పుడు మన లైన్లలో బీహార్, ఒడిశా, జార్ఖండ్ పిల్లలు ఎక్కువ, మనవాళ్ల హైదరాబాదీ హిందీ బజారుకి సరిపోతుంది గానీ పని నేర్పడానికి సరిపోదు. అందుకే ఆ స్టెప్పుల కాగితాన్ని హిందీలో చెప్పి ప్రాక్టీసు చేయించాం, హిందీ కూడా రానివాళ్ల కోసం ఫొటోలతో చేశాం. ప్యాకింగ్, అసెంబ్లీ సెక్షన్ల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు ఈ ఫొటో కాగితాల్లో అందరికన్నా ముందున్నారు, వచ్చే బ్యాచ్‌లో వాళ్లలో ఇద్దరు పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు.

మార్చిలో ఇయర్ ఎండింగ్ డిస్పాచ్‌ల వల్ల హాజరు బాగా తగ్గింది, అందుకని వచ్చే ఏడాది మార్చిలో క్లాసు ఉండదు. హాలు అద్దె, టీ, జిరాక్సుల ఖర్చుల లెక్కలు ట్రెజరర్ గారు జనరల్ బాడీ మీటింగ్‌లో పెడతారు, బిల్లులు ఎవరైనా చూడొచ్చు. కొత్త బ్యాచ్ బోనాలు అయ్యాక మొదలవుతుంది. పేర్లు ఇచ్చేవాళ్లు మీ యూనిట్ ఓనర్ సంతకం పెట్టిన కాగితం, మీ లైన్‌లో కొత్తవాళ్లకి నేర్పడం అన్నిటికన్నా కష్టమైన పని ఏదో ఒకటి రాసుకుని రండి, మొదటి ఆదివారం దానితోనే మొదలుపెడతాం.